మోగని బీప్‌కి నొక్కిన బటన్

కరెంటు పోయి ఫ్యాను ఆగగానే మా ఉస్లాపూర్ ఇంట్లో గోడగడియారం సమ్మెట దెబ్బల్లా మోగడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే నాకు సుభద్రత్త గుర్తొస్తుంది. బిలాస్‌పూర్‌లో ఒక చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసేది. మేం రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు ఆవిడది మా పక్కిల్లు. మా నాన్నను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. మనిషి నాలుగున్నర అడుగులే గాని, ఎన్నో మైళ్ళ అవతల కర్గీ రోడ్‌లో స్టేషన్ మాస్టారు తుమ్మితే ఇక్కడ చిరంజీవ అనగల చెవులు ఆవిడవి.

మా వీధికుక్క లడ్డూకి ముసలితనంలో చెవుడొచ్చిందేమోనని ఆవిడకు అనుమానం కలిగింది. డాక్టరు పక్కన పెట్టేసిన పాత వినికిడి పరీక్ష యంత్రాన్ని మా పెరట్లో అమర్చింది.

"వినబడిందా అని కుక్కనెలా అడుగుతావత్తా?" అన్నాను.

"నోటితో అడిగితే మనుసులే సరిగ్గా సెప్పరు, నువ్వు కుక్క సంగతి అడగతన్నావు."

బీప్ మోగినప్పుడు పీటను ముక్కుతో తాకితే బిస్కెట్. మధ్యమధ్య ఆవిడ కావాలనే ఏమీ మోగించకుండా ఊరుకునేది. అప్పుడు తాకితే బిస్కెట్ లేదు. మొదట్లో లడ్డూ ఆశకొద్దీ పీటను మద్దెలలా వాయించింది. నెల తిరిగేసరికి యోగిలా కూర్చుని, మోగితేనే తాకేది. అప్పుడు అత్త శబ్దాన్ని మెట్టుమెట్టుగా సన్నం చేసింది. నాకు వినబడటం పూర్తిగా ఆగిపోయాక కూడా లడ్డూ ముక్కు పీట దగ్గరకు వెళ్తూనే ఉంది. మా పెరట్లోనే నాకు ప్రవేశం లేని ఒక లోకం ఉందనీ, దాని పొలిమేరను బిస్కెట్ పొట్లంతో కొలవవచ్చనీ ఆరోజే తెలిసింది.

మా నాన్న రైలు డ్రైవరు. రిటైర్మెంటుకు రెండేళ్ళుండగా రైల్వే మెడికల్ పరీక్ష వచ్చింది. తప్పితే ఇంజను దిగాలి. దానికన్నా ప్రాణం వదలడం ఆయనకు సులువు. ముందుగా ఒకసారి చూసుకుందామని అత్త దగ్గరకు తీసుకెళ్ళాను. గాజు గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. బీప్, నొక్కుడు. బీప్, నొక్కుడు. ఒక్కటీ తప్పలేదు. బయట అత్త పక్కన కూర్చున్న నేను గర్వంతో రెండంగుళాలు పెరిగాను. అత్త మాత్రం యంత్రం మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లోపల నాన్న నొక్కాడు. కాసేపాగి మళ్ళీ నొక్కాడు.

"ఇప్పుడేటి వినబడ్డాదన్నయ్యా?" అంది, ఆయన బయటకొచ్చాక.

"బీపే కదమ్మా."

"నాను ఇవ్వనేదు."

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. "అచ్ఛా... బీప్ వచ్చే టైమయిందని నొక్కేసినాను గావాల. ముప్పై ఏళ్ళు టైము సూసుకుని బతికినోణ్ణి."

"అబద్ధమాడినావని అన్లేదు. నీకే తెలీకుండా నొక్కినావు. వాకీటాకీలో గార్డు బండి ఆపమంటే, అదీ టైము సూసే అంటాడేటి?"

నాన్న మళ్ళీ గాజు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి అత్త బీపుల మధ్య వ్యవధి మార్చి మార్చి పరీక్షించింది. కాగితం మీద వినికిడి గీత ఘాట్ దిగే గూడ్సులా జారింది.

"ఇది నాను ఎవలికీ సూపను. సూపాలంటే నువ్వే సూపుకో," అని కాగితం మడిచి ఆయన జేబులో పెట్టింది.

మర్నాడు నాన్న ఆ కాగితం తీసుకుని తానే ఆఫీసుకు వెళ్ళాడు. ఆయనకు షెడ్డులో కుర్చీ డ్యూటీ ఇచ్చారు. మూడు నెలలు అత్త గుమ్మం తొక్కలేదు. నాలుగో నెల వెళ్ళి, "నీ కుక్క నాకన్నా నయమమ్మా," అన్నాడు. ఆవిడ టీ పెట్టింది.

అత్త పోయి మూడేళ్ళయింది. వంటింట్లోంచి మా ఆవిడ ఏదైనా చెబుతుంటే, వినకుండానే సరైన సందు చూసి ఊఁ కొట్టడంలో నేను అఖిల భారత స్థాయి విద్వాంసుణ్ణిగా ఉండేవాణ్ణి. ఇప్పుడు లేచి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "వినలేదు, మళ్ళీ చెప్పు," అంటున్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూస్తుంది. మళ్ళీ చెబుతుంది.