దాలి పొగ వాసన

రామచంద్రపురంలో మిత్రుడు సత్యంగారింటికి కొత్తల్లుడు భోజనానికి వస్తున్నాడు. ఏ సింగిల్ మాల్ట్ విస్కీ పొయ్యాలో తేల్చమని, మందు రుచులు తెలిసినవాణ్ణని నన్ను హైదరాబాద్ నుంచి రప్పించారు. నాలుగు రకాలూ రుచి చూసి, తేల్చలేక తల పట్టుకున్నాను.

ఇంతలో సత్యంగారి తల్లి వచ్చి, ఒక్కో గ్లాసులోంచి చుక్క తీసి చేతి మీద రుద్దుకుని వాసన చూశారు.

“నెయ్యి కొనేటప్పుడు ఇలాగే చూస్తాం బాబూ,” అన్నారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. “ఇదేంటండీ, దాలిలో పిడకల మీద పాలు కాగిన వాసనొస్తోంది!”

ఎగిరి గంతేశాను. స్కాట్లండ్‌లో ఆ విస్కీకి వాడే బార్లీని, పిడకల్లా మండే పీట్ అనే మట్టిపెళ్ళలు కాల్చిన పొగలోనే ఆరబెడతారు. సీసా మీద చదివితే గాని నాకా సంగతి తెలియలేదు!

“అయితే అల్లుడుగారికి ఇదే పొయ్యండి,” అంటూ ఆవిడ లేచారు. “మందు ముట్టుకున్నాను, తలస్నానం చేసొస్తాను.”