అడిగేదాకా ఆగొద్దన్న మద్దిలేటి బావ

నిన్న పొద్దున ఏడున్నరకు అక్క ఫోన్ చేసింది.

"శీనా, మీ బావ పోయినాడు రా."

అంతే. పెట్టేసింది.

ఆరు నెలలుగా వస్తుందని తెలిసిన ఫోనే. అయినా షేర్ ఆటో రోడ్డు పక్కకు తీసి ఆపాల్సి వచ్చింది. వెనక కూర్చున్న ఒకామె "ఏమప్పా, డీజిల్ అయిపోయిందా?" అంది. అందరినీ దించేసి ఆటో వెనక్కి తిప్పాను.

మద్దిలేటి బావ మీలో చాలామందికి తెలుసు. మా అక్క భర్త. పశువుల ఆసుపత్రిలో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. మొదట్లో వచ్చేవన్నీ బర్రెలు, మేకలే. మా కల్లూరు చుట్టూ కొత్త ఇండ్లు లేచాక కుక్కలు, పిల్లులు రావడం మొదలైంది.

ఆపరేషన్ డాక్టర్ చేసేవాడు. మత్తులో ఉన్న ప్రాణిని కనిపెట్టుకునే పని బావది. ఆ రోజుల్లో అక్కడ మెషిన్లు లేవు. ఒక చెయ్యి దాని రొమ్ము మీద ఉండేది. చూపు ఊపిరి మీద ఉండేది.

మా ఆటో స్టాండులో రాజు అని ఒక కుక్క ఉండేది. లారీ కింద పడి వెనక కాలు నుజ్జయింది. నేనే ఆటోలో వేసుకుని పోయాను. కాలు తీసేయాలన్నారు.

సూది వేశాక రాజు కదలడం మానేసింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. మత్తులో రెప్ప వేయదు, ఎండిపోతాయి అని బావ వాటికి ఆయింట్‌మెంట్ రాశాడు. డాక్టర్ కత్తి తీసుకున్నాడు.

బావ రాజు ముందు కాలి వేళ్ళ మధ్య చర్మాన్ని గట్టిగా గిచ్చాడు. రెండో చెయ్యి దాని గుండె మీదే ఉంది.

"సార్, ఆగండి. దీనికింకా తెలుస్తాండాది."

"కదలడం లేదు కదా మద్దిలేటీ."

"కదల్లేదు సార్. గుండె పరుగెత్తుతాండాది చూడండి. మత్తు వేరు, నొప్పి వేరు."

బయట బర్రెను పట్టుకుని నిలబడిన ఒకాయన నవ్వాడు. "కుక్కకు గూడా నొప్పి సూదినా? మా ఆడోళ్ళ కాన్పులకే లేకపాయె."

బావ తల తిప్పలేదు. డాక్టర్‌కు కోపం వచ్చింది. అయినా ఇంకో సూది వేశాడు. కొంతసేపటికి బావ మళ్ళీ గిచ్చి చూశాడు. అప్పుడు గానీ "కానీండి సార్" అనలేదు.

ఆపరేషన్ అయ్యాక రాజును పాత దుప్పట్లో చుట్టి, పక్కన వేడినీళ్ళ సీసాలు పెట్టుకుని కూర్చున్నాడు. అది తల ఎత్తేదాకా అన్నానికి లేవలేదు. మూడు కాళ్ళతో రాజు ఇంకో నాలుగేళ్ళు మా స్టాండులోనే బతికింది.

తర్వాత మా పాప పెంచుకునే పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మరుసటి రోజు బావ ఇంటికొచ్చి, ఎట్లుందని అడిగాడు.

"బాగుండాది బావా. అరవడం గూడా లేదు" అన్నాను.

"నీకు పన్ను నొప్పి లేస్తే కల్లూరంతా ఇనపడేట్టు అరిచినావు. పిల్లి నీ మాదిరి కాదప్పా. మూలకు పోయి ముడుచుకోని కూసుంటాది. కండ్లు సగం మూస్తాది. ఒళ్ళు నాక్కోదు. అదే దాని అరుపు. డాక్టర్ ఇచ్చిన మందు టైముకు ఎయ్యి. అది అడిగేదాకా ఆగొద్దు. యాడ అడుగుతాది?"

ఆ రోజు ఆ మాట నాకు బాగా అర్థమైందనుకున్నాను.

బావకు దవడ క్యాన్సర్. ఆపరేషన్ టైము దాటిపోయిందన్నారు. చివరి రెండు నెలలు మాట పోయింది. అన్నీ ముక్కు ట్యూబులోనే. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. నాలుగు గంటలకొకటి, నొప్పి లేచేదాకా ఆగకుండా ఇవ్వాలని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు.

అక్క భయపడింది. "మత్తు మాత్రలంట శీనా. అలవాటైతే మనిషి మనిషిగా ఉండడంట."

"అడిగినప్పుడు ఇద్దాంలే అక్కా."

ఆ మాట అన్నది నేనే. అక్కను ఎవరూ ఏమీ అనొద్దు.

బావ అడగలేదు.

పోయిన ఆదివారం చూడ్డానికి పోయాను. గోడ మూలకు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. రోజూ గడ్డం గీసుకునే మనిషి, వారం గడ్డంతో ఉన్నాడు.

"ఈ రోజు నెమ్మదిగా ఉండాడక్కా" అన్నాను.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్ళ మధ్య చర్మాన్ని గట్టిగా గిచ్చాడు. గిచ్చి, నా ముఖంలోకి చూశాడు.

"నొప్పిగా ఉండాది, ఇడువు బావా" అని నవ్వాను.

వదిలేశాడు. నేను ఆటో తీసుకుని పోయాను.

నిన్న స్నానం చేయించేటప్పుడు ఆయన చెయ్యి నా చేతిలోకి వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆదివారం గిచ్చి ఆయన అడిగాడని.

సాయంత్రం మట్టి చేసి వచ్చాక అక్క మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవన్నీ ఏం చేయాల్రా?" అంది. సగానికి పైగా అట్లనే ఉన్నాయి.

మీ ఇండ్లలో ఇట్లాంటి మనిషి ఉంటే, డాక్టర్ చెప్పిన టైముకు మందు ఇవ్వండి. ధైర్యం చెప్పడం తర్వాత.

బావా, నువ్వు చూసుకున్న ప్రాణులన్నీ నీ చెయ్యి కిందే కళ్ళు తెరిచాయి. నీ దగ్గర మేము అట్లా కూర్చోలేకపోయాం.

ఇప్పుడు నీకు ఏ నొప్పీ తెలియకూడదు. నెమ్మదిగా పడుకో.

— శీనా