సోమవారం ఉత్తరాలు

డెల్టా నేలల మీద, నీళ్ల మీద పరిశోధన వ్యాసాలు వేసే చిన్న పత్రిక అది. తెనాలిలో ఒక కాలేజీ నడిపేది. దాన్ని అచ్చువేసే ప్రెస్సు 2007లో మూతపడింది.

ప్రెస్సు లేనప్పుడు పత్రిక దేనికన్నాడు కాలేజీ కరస్పాండెంటు. మార్చి ముప్పై ఒకటిలోగా ఒక సంచిక కళ్లబడకపోతే ఆపేద్దామన్నాడు. ఆపేయడమంటే ఆయనకు ఒక బీరువా ఖాళీ కావడం. సంపాదకురాలు సూర్యకుమారికి అలా కాదు. వృక్షశాస్త్రం పాఠాలు అయ్యాక ఆరేళ్లుగా ఆమె సాయంత్రాలన్నీ అందులోనే పోయాయి.

ప్రెస్సు లేకుండా ఇంటర్నెట్లో పత్రికలు నడపడానికి ఉచితంగా దొరికే సాఫ్టువేరు ఒకటుంది. దాన్ని తయారుచేసినవాళ్లు లోపలి ప్రోగ్రామును కూడా దాచుకోలేదు, కావాలంటే మార్చుకోమన్నారు. కంప్యూటరు ల్యాబు చూసే బాబూరావు దాన్ని తెచ్చి నిలబెట్టాడు. వ్యాసం అందులోకి చేరుతుంది. రచయిత పేరు తీసేసి ఇద్దరు పరిశీలకులకు వెళ్తుంది. వాళ్లు చదివి, అభిప్రాయం రాసి, ఒక బటన్ నొక్కుతారు. ఆ తరవాతే సంచిక. మొహమాటం లేని పద్ధతి, బాగుంది అనుకుంది సూర్యకుమారి.

సాఫ్టువేరు చెప్పినట్టే చేసింది. మనుషులే చేయలేదు.

సంచికలో ముఖ్యమైన వ్యాసం రేపల్లె హైస్కూలు మాస్టారు దావీదుది. పెనుమూడి బావుల్లో మూడేళ్లు ఉప్పు కొలిచి రాశాడు. ఒక పరిశీలకుడు వారంలో బటన్ నొక్కాడు. రెండో ఆయన లక్ష్మీనారాయణ, బాపట్లలో నేలల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దాయన. ఆయన దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆరో వారంలో కార్డు ముక్క వచ్చింది. "నలభై ఏళ్ల సర్వీసులో నాకెవరూ నోటీసు ఇవ్వలేదు. నన్ను వదిలెయ్యండి."

"ఆయన పేరుతో మనమే లోపలికెళ్లి నొక్కేద్దాం మేడమ్," అన్నాడు బాబూరావు. "ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాగా."

గడువు ఇంకా నాలుగు రోజులు. మర్నాడు పొద్దున్నే బాపట్ల పాసింజరెక్కింది. దారి పొడవునా పళ్లు నూరుకుంటూనే ఉంది.

తలుపు తీసింది ఆయన భార్య దుర్గాంబ. "నువ్వేనా అమ్మా సూర్యకుమారివి? ప్రతి సోమవారం ఉత్తరం రాసేది?"

"నేను రాయలేదండి. కంప్యూటరు రాసింది."

"కింద నీ పేరుందిగా!" లోపల్నుంచి లక్ష్మీనారాయణ. "కంప్యూటరు నీ పేరు పెట్టుకుని ఊరేగుతుంటే నువ్వేం చేస్తున్నావ్?"

గడువు దాటితే అది తనంతట తానే వారానికోసారి గుర్తు చేస్తుందని ఆమె చెప్పింది. ఆయన వినలేదు. పక్కింటి పిల్ల మెయిలు చూసి, కాగితం మీద తీసి, అరుగు మీద అందరి ముందూ చదివేదట. పెద్దవాళ్లకు గుర్తు చేయాలంటే వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. నాలుగు మాటలయ్యాక లేచేటప్పుడు, ఆ సంగతి చూశారా అంటారు. ఆ మర్యాద ఆమెకు మాత్రం తెలియదా?

"తప్పయింది మాస్టారూ. వ్యాసం చదివారా?"

"ఎప్పుడో. కాలవలు పారేటప్పుడు తీసిన నీళ్లూ, కట్టేశాక తీసిన నీళ్లూ ఒకే పట్టికలో కలిపేశాడు. పిలిచి చెప్పాను."

"ఎవర్ని?"

"దావీదునమ్మా. పెనుమూడి బావుల్లోకి చేద వేసుకుని తిరిగేవాడు ఇంకెవడున్నాడు? నోటుబుక్కులన్నీ పట్టుకొచ్చాడు. ఇక్కడే భోంచేశాడు. సాయంత్రందాకా పోట్లాడుకుని పట్టిక సరిచేశాం."

"గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు," అంది దుర్గాంబ.

సూర్యకుమారి నుదురు పట్టుకుంది. "ఎవరు రాశారో మీకు తెలియకూడదండి. ఎవరు చదివారో ఆయనకు తెలియకూడదు. పద్ధతంతా దానికోసమే."

"తప్పు మొహం మీద చెప్పకుండా చాటు నుంచి రాళ్లేయమంటావా?"

వ్యాసం బాగుపడింది, పద్ధతి చెడింది. ఇంకొక పరిశీలకుణ్ణి వెతికే వ్యవధి లేదు. ఆ వ్యాసం తీసేస్తే సంచికలో మిగిలేవి రెండు పొట్టి నివేదికలు, ఒక సంతాపం.

"నేను దాచను మాస్టారూ. జరిగింది జరిగినట్టు వేస్తాను."

"వెయ్యి. నాకేం సిగ్గా?"

స్టేషను రోడ్డులో నెట్ సెంటరుకు ఆయన్ని రిక్షాలో తీసుకెళ్లింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు గంటలు తన అభిప్రాయం కొట్టాడాయన. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది, బటన్ కూడా ఆయన చేతే నొక్కించింది. "ఇంతేనా?" అన్నాడు. "ఇంతేనండి," అంది, ఏడవలేక నవ్వుతూ.

దావీదు సరిచేసిన పట్టిక పంపాడు. ముప్పయ్యో తేదీన వ్యాసం కింద ఆమె రెండు వాక్యాలు చేర్చింది. "ఈ వ్యాసాన్ని పరిశీలించినవారిలో ఒకరికి రచయిత ఎవరో తెలుసు. రచయితా, ఆ పరిశీలకుడూ నోటుబుక్కులు ముందు పెట్టుకుని ఒక రోజంతా వాదించుకున్నారు." తీసేద్దామా అని ఒకసారి చదివింది. తీయలేదు. సంచిక విడుదల చేసింది.

మర్నాడు కరస్పాండెంటు గదిలో తెర మీద చూపించింది. ఆయన తెర వెనక్కి కూడా తొంగి చూశాడు.

"పుస్తకం ఏదండీ?"

"ఇదేనండి. లోకంలో ఎక్కడున్నా చదువుకోవచ్చు."

"లోకం సంగతి సరే. కమిటీ వాళ్లొస్తే టేబులు మీద ఏం పెట్టను?"

ఆమె ల్యాబుకెళ్లి నలభై రెండు పేజీలూ కాగితం మీద తీసి, పిన్నులు కొట్టి, తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తెరవకుండానే చేత్తో బరువు చూశాడు.

"ఆఁ, ఇదీ. నడపండి ఇంకో ఏడాది."