సమ్మన్నకు సరిపోయిన పాటల యాప్

సమ్మన్నది బీర్కూర్. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు చెరకు లోడుతో ట్రాక్టర్ తోలేవాడు. దానికి కట్టిన రెండు పెద్ద స్పీకర్లలో పాటలు మోగుతుంటే, ఆయన బండి బయలుదేరిందని ఊరంతటికీ తెలిసేది. కిడ్నీలు చెడిపోయాక ట్రాక్టర్ అమ్మేశాడు. వారానికి మూడుసార్లు బస్సెక్కి బాన్సువాడ దవాఖానకు వెళ్లి, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడుకోవడమే ఇప్పుడాయన పని.

మొదట్లో ఆయనకంత భయం ఉండేది కాదు. పక్క మంచం మీద రూప్లా ఉండేవాడు. తండా మనిషి, మాటకారి. ఇద్దరూ కబుర్లలో పడితే పొద్దు తెలిసేది కాదు. ఒకరోజు రూప్లా ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. అతని మిషన్ బీప్ బీప్‌మని మోగడం మొదలెట్టింది. డయాలసిస్ చూసే శ్రావ్య వచ్చింది, వెనకే డాక్టర్ వచ్చాడు. తెర లాగేశారు. తెర కింద నుంచి వాళ్ల కాళ్లు అటూ ఇటూ తిరగడం మాత్రమే సమ్మన్నకు కనిపించింది. రూప్లాను అంబులెన్సులో నిజామాబాద్ తీసుకుపోయారు. ఆ తర్వాత సమ్మన్న వచ్చేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. రూప్లా ఏమయ్యాడని ఆయన అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది.

అప్పటి నుంచి ఏ మిషన్ బీప్‌మన్నా ఆయనకు ఒళ్లు చల్లబడేది. చెయ్యి కాస్త మడిచినా, పైపు నొక్కుకున్నా మిషన్లు మోగుతూనే ఉంటాయి. మోగిన ప్రతిసారీ ఈసారి తన వంతేమో అనుకునేవాడు.

కూతురు వైశాలి బాన్సువాడలోనే ఒక మొబైల్ షాపులో పనిచేస్తుంది. తల్లి లేని ఇంట్లో తండ్రికి అన్నీ తనే.

"చెవులల్ల పాటలు పెట్టుకో బాపూ. గా సప్పుడు ఇనబడది," అని ఫోన్‌లో ఒక యాప్ వేసి, వైరు లేని ఇయర్‌ఫోన్లు ఇచ్చింది.

మూడు పాటలు బాగానే వచ్చాయి. నాలుగోది నాట్ల పాట. అది ఊపందుకుంటుండగా తెగిపోయి, ఒక మగగొంతు గట్టిగా అడిగింది: "రేపు మీరు లేకపోతే మీ కుటుంబం పరిస్థితి ఏమిటి?"

అది ఏదో బీమా కంపెనీ ప్రకటన. సమ్మన్న ఉలిక్కిపడి సూదులున్న చెయ్యి మడిచాడు. వెంటనే ఆయన మిషనే మోగింది.

"చెయ్యి చాపండి బాబాయ్. ఏం కాలేదు," అంటూ శ్రావ్య పైపు సరిచేసింది. కాలువ కింద వరి సాగుకని వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆంధ్ర కుటుంబం పిల్ల ఆమె. ఏం కాలేదని ఆమె ఎంత చెప్పినా, సమ్మన్న గుండె దడ ఇంటికి చేరేదాకా తగ్గలేదు.

ఆ సంగతి విని వైశాలికి నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి ఆపుకుంది. షాపులో గిరాకీ లేనప్పుడు ఒక్కో యాప్‌నూ పరీక్షించింది. రెండో యాప్‌లో ప్రకటనలు లేవు గానీ, డయాలసిస్ హాల్లో సిగ్నల్ అందక పాట ఆగి ఆగి వచ్చింది. ఆగిన ప్రతిసారీ బయట ఏం మోగుతోందోనని ఆయన ఊపిరి బిగబట్టేవాడు. మూడోదాంట్లో పాటలు ముందే ఫోన్‌లోకి దించుకోవచ్చు. కానీ ఆయనకు నచ్చే పాత పల్లెపాటలకు బదులు, కొత్త వాద్యాలతో చేసినవి ఉన్నాయి. వాటిలో ఒక టింగు టింగు చప్పుడు అచ్చం మిషన్‌లాగే ఉంది. మాటిమాటికీ ఇయర్‌ఫోన్ తీసి, మోగేది పాటా మిషనా అని చూసుకునేవాడు.

నాలుగోది కుదిరింది. పాత పాటలున్నాయి, ప్రకటనలు లేవు, నెట్ అక్కర్లేదు. ఒక పాట అయ్యీ కాకముందే ఇంకోటి అందుకుంటుంది. సమ్మన్న రెండు చెవులూ మూసుకుని, చాలా రోజుల తర్వాత ఆ మంచం మీద నిమ్మళంగా కళ్లు మూశాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం పాట దూరమవుతున్నట్టు అనిపించింది. హాయిగా నిద్ర పడుతోందనుకున్నాడు. కళ్లు తెరిచేసరికి మంచాన్ని వంచేశారు, తల కిందికి, కాళ్లు పైకి ఉన్నాయి. ఒళ్లంతా చెమట. మంచం చుట్టూ మనుషులు. ఎవరో తెర లాగుతున్నారు.

"బీపీ పడిపోయింది బాబాయ్," అంది శ్రావ్య. "మిషన్ మోగింది. ఎంత పిలిచినా మీరు పలకలేదు. ఒంట్లో తేడాగా ఉంటే ముందే చెప్పాలి కదా?"

సమ్మన్న ఆ తెర వంకే చూస్తున్నాడు.

తర్వాతిసారి ఆయన బస్టాండు దాకా వచ్చాడు. బాన్సువాడ బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఆయన ఇంటికి తిరిగి వెళ్లాడు.

శ్రావ్య ఫోన్ చేయడంతో వైశాలి షాపు వదిలి బీర్కూర్ వచ్చింది. సమ్మన్న మంచం మీద కూర్చుని ఎగశ్వాస తీస్తున్నాడు. కళ్ల కింద ఉబ్బింది.

"ఎందుకు రాలే బాపూ?"

"పాట పెట్టుకుంటే మిషన్ ఇనబడది, రూప్లా లెక్క పోత. పెట్టుకోకపోతే గా సప్పుడు ఇనుకుంట ఇనుకుంట గుండె ఆగి పోత. ఇగ ఎట్ల రమ్మంటవ్ బిడ్డా?"

వైశాలి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు మిషన్ మీద ఉన్నప్పుడు షాపుల ఎవలి ఫోన్ మోగినా నా చేతులు సల్లబడ్తయి. ఇయ్యాల నిజంగనే శ్రావ్య అక్క ఫోన్ వచ్చింది. రెండోసారి మోగేదాక ఎత్తనీకి నాకు ధైర్యం రాలే."

"నీకు గూడ భయమేనా?"

"మరి?"

సమ్మన్న కండువా భుజాన వేసుకుని లేచాడు.

ఆటోలో వెళుతూ వైశాలి ఆ నాలుగో యాప్‌నే మళ్లీ తెరిచింది. పాట వెంట పాట కలిసి రాకుండా, నడుమ కాస్త ఖాళీ ఉండేలా మార్చింది. ఒక ఇయర్‌ఫోన్ తీసి తన సంచిలో వేసుకుంది. "కుడి చెవులనే పెట్టుకో. ఎడమది శ్రావ్య అక్క కోసం ఉంచు. తల తిరిగినట్లయితే పాట అయ్యేదాక ఆగకు, పిలువు."

ఆయన తలూపాడు.

"ఇగ ఈ యాప్ పైసలు ఏడాదికి కట్టేస్త. మల్ల మల్ల చూసుకునే పనుండది."

సమ్మన్న చప్పున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఏడాదికి వద్దు. ఒక్క నెలకే కట్టు."

వైశాలి ఆయన ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. నెలకే కట్టింది.

ఆ సాయంత్రం శ్రావ్య ఆయనకు ఒక మిషన్ ఖాళీ చేయించింది. పాట మొదలైంది. హాల్లో మిషన్లు ఎప్పటిలాగే మోగుతున్నాయి. మోగినప్పుడల్లా సమ్మన్న కళ్లు తెరిచి, తనది కాదని చూసుకుని, మళ్లీ పాట అందుకున్నాడు. సూదులు తీసేదాకా నిద్రపోలేదు.

ఇప్పటికీ ఆయన వెళుతూనే ఉన్నాడు. భయం పోలేదు. బాన్సువాడ బస్సు కనిపించగానే నోరు ఎండిపోతుంది, అయినా ఎక్కుతాడు. యాప్ గడువు దగ్గరపడ్డప్పుడు వైశాలి ఆయనకు చెప్పకుండానే మరో నెలకు కడుతుంది.