ఒక్క ఆనపకాయ, ఒక భోజనాల బల్ల

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేయడం చాలా ఏళ్ళు నిషేధం. ఆ బల్ల నా స్టాంపులది. కెనడాలో, వాటర్లూలో ఈ ఇల్లు కొన్న కొత్తలో, పై గది సర్దుకునేదాకా అని చెప్పి ఆల్బమ్‌లు దాని మీద పెట్టాను. పై గది సర్దడం అవలేదు. ఆల్బమ్‌ల పక్కకి భూతద్దం వచ్చింది, ట్వీజర్లు వచ్చాయి, నీళ్ళలో నానబెట్టి కవర్ల మీంచి ఊడదీసిన స్టాంపులు ఆరబెట్టే కాగితాలు వచ్చాయి. మా ఆయనా, అమ్మాయీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తినడం నేర్చుకున్నారు. నేను వంటగదిలో నిలబడి, బల్ల మీద ఒక కన్ను వేసి తినేదాన్ని.

ఆ గదిలో ఫ్యాన్ వెయ్యకూడదు. గట్టిగా తుమ్మకూడదు. మా అమ్మాయికి తుమ్ము వస్తే బాత్‌రూమ్‌లోకి పరుగెత్తడం చిన్నప్పటి అలవాటు. స్కూల్లోనూ అలాగే పరుగెడుతోందని టీచరు ఫోన్ చేసి ఆందోళనపడితే, ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పగలంతా ఇతరులు చేసిన తప్పులు వెతుకుతాను. సాయంత్రం స్టాంపుల్లో తప్పులు వెతుకుతాను. మధ్యలో ఇంట్లోవాళ్ళ తప్పులు వెతకనక్కర్లేకుండానే కనిపిస్తాయి. కోపం నాకు ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటాడు. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. కోపం ఇంకా పైన ఉంటుంది.

నెలకోసారి లైబ్రరీలో ఒక గదిలో మా స్టాంపుల క్లబ్బు కూర్చుంటుంది. ఆ క్లబ్బుకి ఒక ఆచారం ఉంది. డిసెంబరు మీటింగుకి ఎవరూ స్టాంపులు తేకూడదు. స్టాంపులు కాక ఇంకేం చేస్తారో అది తెచ్చి చూపించాలి. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన తను అల్లిన మేజోళ్ళు తెస్తాడు. మా చైర్‌పర్సన్ అరవై దాటిన ఆవిడ, మంచు పలక పగలగొట్టి చెరువులో మునుగుతుంది. రుజువుగా తడి తువ్వాలు తెస్తుంది. ఇక మా డాక్టరు గారు. గోదావరి జిల్లా మనిషి, హాలిఫాక్స్‌లో ఆస్పత్రిలో పనిచేసి రిటైరై ఇక్కడికి వచ్చారు. ఆయనకి స్టాంపులు కాక రెండు పిచ్చులు. ఒకటి పెరట్లో ఆనపపాదులు. రెండోది నాటకాల పద్యాలు. ఒక డిసెంబరులో ఆయన ఒక పద్యం అందుకుని ఆఖరి పాదం దగ్గర రాగం తీస్తుంటే, లైబ్రరీ ఉద్యోగిని తలుపు తోసుకుని వచ్చి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, డాక్టర్ని పిలవాలా అని అడిగింది.

నా వంతు వచ్చింది. నేను డబ్బా తెరిచి పాత నాణేలు చూపించాను.

"ఇదేంటమ్మా," అన్నారు డాక్టరు గారు. "ఇడ్లీ తినేవాణ్ణి నీకు ఇంకేం అలవాటుందిరా అని అడిగితే, దోశ కూడా తింటానండి అన్నట్టుంది."

అందరికీ ఇంగ్లీషులో అది విడమరచి చెప్పి మరీ నవ్వించారు. నాకు ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, నా పక్షాన నాలుగు మాటలు అంటాడని. మా ఆయన ఆరంభశూరుడు. ఆయన హాబీలన్నీ గరాజ్‌లో ఉంటాయి. మూడు తీగల గిటార్, మంచులో నడవడానికి వలలా అల్లిన స్నోషూస్, ఆకాశం వైపు ఒక్కసారి తిరిగిన టెలిస్కోప్, రొట్టెల పిండి పులియబెట్టి మరిచిపోయిన సీసా. కారు మాత్రం బయట మంచులో ఉంటుంది.

"డాక్టర్ సాబ్ తప్పేమన్నడు?" అన్నాడు. ఆయనది వరంగల్ వైపు. "నేను పదింట్ల వేలు పెట్టి ఇడిసిపెట్టిన. నువ్వు ఒక్కదాన్ని పట్టుకుని ఇల్లంత నింపినవ్. నీకు దాచుడు తప్ప ఇంకోటి రాదు."

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఆ సామెత నోటిదాకా వచ్చేలోపల అమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. అప్పుడది గ్రేడ్ ఎలెవెన్.

"అమ్మా, ఐ కాంట్ ఈవెన్ బ్రింగ్ మై ఫ్రెండ్స్ హోమ్. దే ఆస్క్ వేర్ వీ ఈట్."

"సోఫాలో తింటామని చెప్పు. సిగ్గెందుకు?"

"అమ్మా. వీ హ్యావ్ ఎ టేబుల్."

మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. వచ్చే అక్టోబరులో థాంక్స్ గివింగ్ పండగ లోపల నేను ఏదైనా ఒక పని, దాచుకోవడంతో సంబంధం లేనిది, మొదలుపెట్టి పూర్తి చెయ్యాలి. చేస్తే బల్ల శాశ్వతంగా నాది, ఇంక ఎవరూ నోరెత్తకూడదు. చెయ్యలేకపోతే బల్ల ఇంటికి తిరిగి ఇచ్చెయ్యాలి. తీర్పు చెప్పేది అమ్మాయి. అది జాలిపడుతుందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తప్పులు వెతకడంలో అది నా కూతురే.

ముందు బొమ్మలు వేద్దామని మంచి రంగు పెన్సిళ్ళ పెట్టె కొన్నాను. మూత తీస్తే అన్నీ ఒకే ఎత్తులో, లేత నుంచి ముదురుకి వరసగా ఉన్నాయి. ఒకటి చెక్కితే పొట్టిదవుతుంది, వరస పాడవుతుంది. మూత పెట్టేశాను. తర్వాత పక్షుల్ని చూద్దామని పెరట్లో గింజల డబ్బా వేలాడదీశాను. వారం తిరక్కుండా, వచ్చిన పిట్టల్ని వదిలేసి ఇంకా రాని ఎర్రతల వడ్రంగిపిట్ట కోసం కిటికీ దగ్గర కాపలా కాస్తున్నాను. అదొక్కటే తక్కువ అని గొణుక్కుంటుంటే అమ్మాయి వెనకనుంచి "కలెక్టింగ్" అని ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోయింది.

మంచు కరిగాక, డాక్టరు గారిలా పాదులు పెడదామని విత్తనాల ప్యాకెట్లు కొన్నాను. ఎంత అందమైన బొమ్మలో వాటి మీద. చింపితే బొమ్మ పాడవుతుంది కదా. ప్యాకెట్లని స్టాంపుల పెద్ద ఆల్బమ్ జేబుల్లో దూర్చాను, చూడముచ్చటగా సరిపోయాయి. మా ఆయన అది చూశాడు. వెళ్ళి బల్ల పొడవూ వెడల్పూ టేపుతో కొలుచుకున్నాడు.

ఏప్రిల్ మీటింగులో డాక్టరు గారితో నా గోడు వెళ్ళబోసుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదండీ, నా వల్ల కాదు అన్నాను. ఆయన జేబులోంచి పేపర్ న్యాప్‌కిన్ పొట్లం తీసి చేతిలో పెట్టారు. లోపల నాలుగు ఆనపగింజలు.

"ఇందులో దాచుకోడానికేం లేదమ్మా," అన్నారు. "బొమ్మా లేదు, పేరూ లేదు. ఆ న్యాప్‌కిన్ కూడా నేను మూతి తుడుచుకున్నదే. మట్టిలో పెట్టక నీకు గత్యంతరం లేదు."

పెరుగు డబ్బాల్లో మట్టి పోసి కిటికీ దగ్గర పెట్టాను. రెండు మొలిచాయి. మే నెల లాంగ్ వీకెండ్ దాటాక పెరట్లో నాటితే ఒకటి కుందేలు తినేసింది. మిగిలినది మాత్రం కంచె ఎక్కింది. పందిరి కావాలంటే మా ఆయన గరాజ్‌లోంచి స్నోషూస్ తెచ్చి కర్రలకి కట్టాడు. ఆయన హాబీల్లో ఒకటి ఎవరికైనా ఉపయోగపడటం అదే మొదలు. తీగ వాటి సందుల్లోంచి పాకుతుంటే ఇద్దరం కాఫీ కప్పులతో నిలబడి చూశాం. నేను గర్వపడ్డాను. చెప్పొద్దూ, ఆయన మీద కొంచెం ప్రేమ కూడా కలిగింది.

జులైలో పువ్వులొచ్చాయి. సాయంత్రం వెలుగు తగ్గుతుంటే విచ్చుకునే తెల్లటి పువ్వులు, పట్టుకుంటే పట్టుగుడ్డలా ఉన్నాయి. రోజూ పూస్తున్నాయి, కాయ మాత్రం నిలవడం లేదు. వేలెడంత పిందె కనిపించడం, పసుపురంగుకి తిరిగి రాలిపోవడం. ఆగస్టంతా ఇదే తంతు. చివరికి డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"సన్నకాడ మీద ఉండేది మగపువ్వు, కింద పిందె ఉండేది ఆడపువ్వమ్మా. ఇక్కడ మన పురుగులు లేవు, నువ్వే పెళ్ళి చెయ్యాలి. మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దు. మగపువ్వులు బాగానే పూస్తున్నాయా?"

"పూస్తున్నాయండీ."

"మరి వాటినేం చేస్తున్నావు?"

ఎండలు బాగా కాస్తున్నాయండీ అన్నాను. ఆయనకి అనుమానం వచ్చింది.

"అమ్మా. ఏం చేస్తున్నావు?"

"ఆల్బమ్‌లో పెట్టి అణుస్తున్నానండీ. బాగా ఆరుతున్నాయి."

ఆయన ఫోన్ పక్కన పెట్టి వాళ్ళావిడతో అంటున్న మాట స్పష్టంగా వినిపించింది. "పెళ్ళికొడుకులందర్నీ పుస్తకంలో పెట్టి నొక్కేసిందే, పాదుకి పిల్లలెలా పుడతారు."

ఆ రోజు నుంచి సాయంత్రాలు ట్వీజర్లు, భూతద్దం పట్టుకుని పాదు దగ్గరే ఉన్నాను. చలి మొదలైంది, పువ్వులు తగ్గిపోయాయి. ఒకనాడు ఆకుల్లోకి తల దూర్చి పుప్పొడి అద్దుతుంటే పక్కింటి పెద్దావిడ కంచె మీంచి తొంగి చూసి, ఉంగరం పారేసుకున్నావా అని అడిగింది. కాదు, పెళ్ళి చేస్తున్నాను అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి టార్చిలైటు తెచ్చి నాకు వెలుగు పట్టింది. ఆ పెళ్ళికి ఆవిడే పెద్ద.

ఆ ఒక్క పిందె నిలిచింది.

అది రోజురోజుకీ ఊరుతుంటే నాకు ఆఫీసులో మనసు నిలవలేదు. పొడుగ్గా, లేత ఆకుపచ్చగా, ఎక్కడా ఒక్క మచ్చ లేకుండా పెరిగింది. నేల తగలకుండా కింద మా ఆయన పాత టీషర్టు ఉయ్యాలలా కట్టాను. థాంక్స్ గివింగ్ వారంలోకి వచ్చాం. శనివారం పొద్దున్న ఫోన్‌లో వార్నింగ్ వచ్చింది, ఆ రాత్రికి పాదులు మాడిపోయేంత మంచు పడుతుందని.

డాక్టరు గారిని అడిగితే, "గోరు గుచ్చి చూడమ్మా. దిగితే లేత, కూర వండేసుకో. దిగకపోతే ముదిరినట్టు, విత్తనానికి ఉంచుకో" అన్నారు.

గోరు గుచ్చితే మచ్చ పడుతుంది. నేను గుచ్చలేదు. కాయ కోసి తెచ్చి బల్ల మీద ఆల్బమ్‌ల మధ్య మెత్తటి తువ్వాలు పరిచి పడుకోబెట్టాను. ముదిరిందేమో, విత్తనానికి ఉంచితేనో అన్నాను.

మా ఆయన కాయ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సొరకాయ కోసి తింటే హాబీ," అన్నాడు. "ఉంచుకుంటే కలెక్షన్. నువ్వే చెప్పు."

పోనీ ఒక్క ఫోటో తీసుకుంటానని ఫోన్ ఎత్తాను. "అమ్మా, దట్ కౌంట్స్ యాజ్ కలెక్టింగ్," అంది అమ్మాయి. ఇప్పుడది గ్రేడ్ ట్వెల్వ్. వచ్చే ఏడు ఇల్లు వదిలి విమానమెక్కాలని హాలిఫాక్స్‌లో యూనివర్సిటీకి అప్లై చేస్తోంది. దాని ల్యాప్‌టాప్ ఎప్పట్లాగే ఒళ్ళో ఉంది, దాని మీద ఖాళీ కంచం ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ పిల్ల అలాగే కూర్చుంటోంది. కాయని చూడటం మానేసి దాన్ని చూశాను.

ఫోన్ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, కాయకి గోరు గుచ్చాను. వెన్నలో దిగినట్టు దిగింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీదే కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. సగం మా ఇంటి పద్ధతిలో పాలుపోసిన కూర, సగం ఆయన పద్ధతిలో పప్పు. తొక్క కూడా వదలకుండా పచ్చడి నూరాను. దాచుకోడానికి తొడిమ మిగిలితే అమ్మాయి చెయ్యి చాపింది. ఇచ్చేశాను. తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది.

ఈ ఒక్క పూటకీ బల్ల మీద తిందామని నేనే అన్నాను. ఆల్బమ్‌లు ఎత్తి గరాజ్‌లో గిటార్ పక్కన పెట్టాం. బల్ల తుడిస్తే దాని అసలు రంగు ముదురు గోధుమ అని తెలిసి ముగ్గురం ఆశ్చర్యపోయాం. ఎదురెదురుగా కూర్చుంటే మొదట ఎటు చూడాలో కూడా తెలియలేదు. అమ్మాయి పాలుపోసిన కూర రెండోసారి వడ్డించుకుంది. మధ్యలో దానికి తుమ్మొచ్చింది. సగం లేచి, ఆగి, మళ్ళీ కూర్చుని అక్కడే తుమ్మింది. ఎగరడానికి ఏమీ లేదు.

కంచాలు ఎత్తాక అది తీర్పు చెప్పింది. "ఫైన్. యూ విన్. ది టేబుల్ ఈజ్ యువర్స్."

నేను ఆల్బమ్‌లు తేవడానికి గరాజ్ వైపు నడిచాను. వెనకనుంచి అది అడిగింది. "వాట్ ఆర్ వీ ఈటింగ్ టుమారో?"

సోఫాలో తిన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇంకో ఆనపకాయ లేదు," అన్నాను, కసురుకుంటూనే.

"ఎనీథింగ్ ఈజ్ ఫైన్, అమ్మా."

పందెం నెగ్గింది నేను. బల్ల నాది. దాని మీద ఏం పెట్టాలన్నది నా ఇష్టం. మర్నాడు దొండకాయ వేపుడు పెట్టాను.