సిపాయి తెచ్చిన ఫలాఫెల్

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేను మార్కాపురంలో నర్సుగా పనిచేస్తున్నాను. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. ఆడవాళ్ల వార్డంటే ఒకే పొడుగాటి గది. రోగుల వెంట వచ్చినవాళ్లు మంచాల పక్కనే చాపలు పరుచుకుని పడుకునేవారు. ఎవరు ఏం తెస్తున్నారో, రోగి నోట్లో ఏం పెడుతున్నారో కనిపెట్టి ఉండటం మా పనిలో సగం.

ఆ ఎండాకాలం దొనకొండ దగ్గరి పల్లె నుంచి సారమ్మ అనే అమ్మాయిని బండిలో తెచ్చారు. వాళ్లది కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబం. చలిజ్వరం తగ్గింది గానీ మనిషి లేచి నిలబడలేకపోతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎరుపే లేదు. డాక్టరుగారు ఎనీమియా అన్నారు, అంటే ఒంట్లో రక్తం తగ్గిపోవడం. ఐరన్ మందు ఇచ్చి, బలమైన తిండి పెట్టమన్నారు. బలమైన తిండి మాట అటుంచి, ఆమె గంజి కూడా ముట్టలేదు.

తోడుగా తల్లి మార్తమ్మ ఉండేది. భర్త దానియేలు మధ్యాహ్నాలు వచ్చేవాడు. యుద్ధంలో ఈజిప్టు దేశంలో సిపాయిల వంటశాలలో పనిచేసి, కొద్ది నెలల కిందటే తిరిగి వచ్చాడు. మాట తక్కువ మనిషి. ఒకరోజు విస్తరాకు పొట్లం తెచ్చి భార్య ముందు విప్పాడు. చిన్న చిన్న వడలు. సారమ్మ ఒకటి తుంచి తింది, ఇంకొకటి అడిగింది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. పైన గోధుమరంగు, లోపల పచ్చగడ్డి రంగు. నాకు అనుమానం వేసింది.

ఏమిటని అడిగితే ఫలాఫెల్ అన్నాడు. ఆ దేశంలో చిక్కుడు గింజలతో చేస్తారట, ఇక్కడ తను శనగలు వాడాడట. నానబెట్టిన శనగలను ఉడికించకుండా, కొత్తిమీర, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర వేసి బరకగా రుబ్బి నూనెలో వేయిస్తాడట. ఆ పచ్చదనం కొత్తిమీరదేనన్నాడు. జొన్నరొట్టెలో పెట్టి, నూరిన నువ్వుల్లో నిమ్మరసం కలిపి పైన పోసి తినాలని చెప్పాడు. శనగల్లో ప్రోటీన్, అంటే కండ పట్టించే సత్తువ, ఉందని నాకూ తెలుసు. అయినా అంత నీరసంగా ఉన్న మనిషికి నూనెలో వేగిన వడలేమిటని గొణిగాను.

తర్వాత కొద్దిరోజులకే సారమ్మకు వాంతులు మొదలయ్యాయి. ఉన్న కాస్త ఓపికా పోయింది. మార్తమ్మ నన్ను వరండాలోకి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. అల్లుడు మునుపటి మనిషి కాడట. రాత్రిళ్లు నిద్రపోడట, ఎవరితోనూ మాట్లాడడట. ఆ దేశంలో ఇంకొకతెను చేసుకుని ఉంటాడని ఊరంతా అంటోందట. "ఆ పచ్చటి వడల్లో ఏందో కలుపుతున్నాడమ్మా," అంది.

నేను డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆ వడలు ఆపమన్నారు. దానియేలు ఎందుకని అడగలేదు. మరునాటి నుంచి తిండేమీ తేకుండా వచ్చి, భార్య కాళ్ల దగ్గర కూర్చుని వెళ్లేవాడు. ఆ మౌనం నా అనుమానాన్ని ఇంకా పెంచింది. ఒకసారి అతని సంచి కూడా విప్పించి చూశాను. ఒక తుండు తప్ప ఏమీ లేదు.

కానీ వాంతులు ఆగలేదు. వాంతి పట్టిన ట్రేలో చూస్తే అదే ఆకుపచ్చ, పైగా చేదు వాసన. వడలే లేనప్పుడు ఈ పచ్చదనం ఎక్కడిది?

ఆ మధ్యాహ్నం దానియేలును ఆ వడలు మళ్లీ చేసి తెమ్మన్నాను. సారమ్మకు కాదు, నాకు చూపించమన్నాను. మర్నాడు తెచ్చాడు. నేను అడగకముందే ఒకటి రెండుగా విరిచి, సగం నోట్లో వేసుకుని, రెండో సగం నా ముందు పెట్టాడు. "మీరు నన్ను అనుమానపడేది నాకు తెలుసు, సిస్టరమ్మా," అన్నాడు.

ఆ సగం తిన్నాను. ఘాటుగా, కమ్మగా ఉంది. చేదు లేదు. నాకు ఏమీ కాలేదు.

మరి ఇంకెవరు? సారమ్మకు వాంతులు పొద్దున్నే, ఒళ్లు తుడిచిన తర్వాతే అవుతున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లు తుడిచేది తల్లి. మరునాడు పొద్దున నేను చెప్పకుండా మంచానికి అడ్డం పెట్టిన స్క్రీను పక్కకు జరిపాను. మార్తమ్మ కూతురి తల ఎత్తిపట్టుకుని చిన్న సీసాలోంచి పసరు పోస్తోంది.

"ఏంది మార్తమ్మా అది?"

"విరుగుడమ్మా."

"దేనికి విరుగుడు?"

"అల్లుడు పెట్టిన మందుకు."

తిండిలో ఎవరో మందు పెట్టారని నమ్మితే, దాన్ని కక్కించడానికి పసరు పోసేవాళ్లు మా వైపు ఉండేవారు. మార్తమ్మ అట్లాంటివాడి దగ్గరికి వెళ్లి సీసా తెచ్చుకుంది. బిడ్డ కక్కిన ప్రతిసారీ మందు బయటపడుతోందని సంతోషించింది. ఇంకా కక్కాలని మళ్లీ పోసింది. ఈ పసరుతోనే నీ బిడ్డ చచ్చిపోయేదని నేను చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. సీసా నా చేతిలో పెట్టి, అక్కడే నేల మీద కూలబడింది.

దానియేలుకు చెప్పక తప్పలేదు. కేకలేస్తాడని భయపడ్డాను. అతను అత్త వైపు తిరిగాడు. "నన్నొక మాట అడిగింటే చెప్పేవాణ్ని గదా, అత్తా," అన్నాడు.

పసరు ఆపాక వాంతులు ఆగాయి. డాక్టరుగారు వడలకు మళ్లీ ఒప్పుకున్నారు, నూనెలో వేయించకుండా పెనం మీద కాల్చి, పలుచటి మజ్జిగతో ఇమ్మన్నారు. దానియేలు అట్లాగే చేశాడు. నిమ్మకాయ మాత్రం మానలేదు. సారమ్మ కనురెప్పల కింద మెల్లగా ఎరుపు తిరిగింది. మంచం పట్టుకుని నిలబడింది, తర్వాత పట్టు వదిలి నడిచింది. ఇంటికి వెళ్లే రోజు బండిలో తల్లికీ భర్తకూ నడుమ కూర్చుంది. వాళ్లిద్దరూ అప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

ఆ తర్వాత నేను ఎన్నో వార్డుల్లో పనిచేశాను. రోగి ఏం తిన్నదని అడగటం మాకు చదువులోనే నేర్పారు. సారమ్మ కేసు తర్వాత ఇంకో ప్రశ్న కలుపుకున్నాను. మంచం పక్కన కూర్చున్న ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, మీ ఇంట్లో నీకు ఎవరంటే భయం అని అడిగేదాన్ని. ఆ జవాబు విన్నాకే తిండి సంగతికి వచ్చేదాన్ని.