ఆవడల పందిట్లో కాలు పరీక్ష

అల్లవరం వైపు కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ నేను గుమ్మంలో కనబడగానే పెరుగు గిన్నె తీసి అటక మీద పెడతారు. ఎందుకో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొచ్చింది.

కృత్రిమ కాళ్ళు అమర్చడం నా ఉద్యోగం. కోర్సు పాసై అమలాపురం వచ్చిన కొత్తలో నాకు తెలివి ఎంతగా పొంగిపొర్లేదంటే, సొంత కాళ్ళతో నడిచిపోయేవాళ్ళ నడకలో కూడా తప్పులు పట్టేదాన్ని. అలాంటి రోజుల్లో మా సెంటరుకి ఒక కొత్తరకం పాదం పరీక్షకి వచ్చింది. దాని చీలమండ దగ్గర చిన్న బటన్ ఉంటుంది. మడమ ఎత్తు చెప్పులు వేసుకుంటే బటన్ నొక్కి పాదాన్ని ఒక రకంగా వంచుకోవాలి, ఉత్తికాళ్ళతో నడవాలంటే ఇంకో రకంగా. వేలు తీసేస్తే అక్కడే బిగుసుకుంటుంది. ఎవరి పాదం వాళ్ళే సరిచేసుకోవచ్చు, అదే దాని గొప్ప.

పరీక్షకి నేను ఎంచుకున్నది వంటల వీర్రాజు గారిని. పెళ్ళి వంటల్లో పేరున్న మనిషి. ట్రాక్టరు ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కిందనించి పోయింది. అప్పటినుంచి ఆయన్ని వంటకి పిలిచినవాళ్ళు లేరు. చివరికి సూర్యనారాయణ గారనే రైతు తన కొడుకు పెళ్ళికి పిలిచి, "ఈ ఒక్క వంటా నిలబడి చేసి చూపించండి వీర్రాజు గారూ, ఈ వేసవిలో మావాళ్ళ పెళ్ళిళ్ళన్నీ మీవే. చెయ్యలేకపోతే మాత్రం ఏమీ అనుకోకండి" అన్నారట. ఆయన బతుకుతెరువంతా ఆ పాదం మీద ఉందన్నమాట. ఆ పాదమేమో నా చేతిలో ఉంది.

"ఎలా ఉంది బాబాయి గారూ?" అని అడిగాను, సెంటర్లో పాదం బిగించి.

"ఆయ్, బాగుందండి."

బటన్ నొక్కి ఇంకో రకంగా పెట్టాను. "ఇప్పుడో?"

"ఇదీ బాగుందండి."

తేడా తెలుస్తోందో లేదో చూద్దామని కావాలనే తప్పుగా పెట్టాను. ఆయన గోడ పట్టుకుని చెమటలు కక్కుతూ, "మరీ బాగుందండి" అన్నారు.

పక్కనున్న ఆయన భార్య సత్యవతి గారు, "మీరింత కష్టపడతా ఉంటే బాలేదని ఎలాగంటారండి" అన్నారు. నేను ఐనవిల్లి పిల్లని. ఈ మర్యాదల మధ్యే పుట్టి పెరిగాను. ఆ మాటకి నాకు అనుమానం రావాలా, వద్దా? రాలేదు. అన్నిటికీ పదికి పది రాసేసుకున్నాను.

అంతటితో ఆగానా? మడమ ఎత్తున్న నల్లబూట్లు తెప్పించి ఆయనకి తొడిగి, వాటికి సరిపోయేలా పాదం వంచి, పొరపాటున నొక్కేస్తారేమోనని బటన్ మీద నాలుగు చుట్లు టేపు చుట్టాను.

"అది మేం నొక్కుకోడానికే కదాండీ?" అన్నారు వీర్రాజు గారు.

"మీరు ముట్టుకోకండి బాబాయి గారూ. అంతా నేను చూసుకుంటాను."

"ఆయ్."

సరిచేసుకోవడానికే పుట్టిన పాదాన్ని సరిచేసుకోడానికి వీల్లేకుండా కట్టేసిన నిపుణురాలు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పెళ్ళిరోజు పొద్దున్నే పట్టుచీర కట్టి, ఎత్తుచెప్పులు వేసి, నోటు పుస్తకంతో దిగాను. వీర్రాజు గారు వ్యాను దిగి బూట్లతో టకటకా నడుస్తుంటే పెళ్ళికొడుకే చిన్నబోయాడు. సూర్యనారాయణ గారు తృప్తిగా తలూపారు. "అద్భుతం" అని రాసుకున్నాను. ఆ తర్వాత వీర్రాజు గారు వంటల పందిరి దగ్గరకొచ్చి స్టూలు మీద కూర్చుని, రెండు బూట్లూ లాగేసి బయట పెట్టి, నేలలో తవ్విన గాడిపొయ్యికి దణ్ణం పెట్టారు. పొయ్యి దగ్గర చెప్పులతో మా వైపు వంటవాళ్ళెవరూ నిలబడరు. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పాదం బిగించేటప్పుడు మాత్రం గుర్తు లేదు.

బూటు మడమ పోయేసరికి మనిషి వెనక్కి ఒరిగిపోయారు. ఒక చేత్తో పందిరి రాట పట్టుకుని, రెండో చేత్తో పనసపొట్టు కూర కలుపుతున్నారు. సరిగ్గా అప్పుడే సూర్యనారాయణ గారు వచ్చారు.

"ఏంటండీ వీర్రాజు గారూ, వెనక్కి పడిపోతన్నారు?"

"అబ్బే, పొగండి."

"పొగ అటు పోతంది కదండీ?"

"ఆయ్, అందుకేనండి."

సూర్యనారాయణ గారి మొహం మారిపోయింది. "ఇంకో వంటమనిషికి కబురెట్టమంటారా?" అన్నారు మెల్లిగా. నోటు పుస్తకం విసిరేసి పరుగెత్తాను.

"కదలకండి బాబాయి గారూ! బటన్ నేను నొక్కుతాను!"

"అమ్మాయి గారూ! చెప్పులండీ, చెప్పులు!" అని కేకేశారు సత్యవతి గారు.

పరుగులోనే విప్పబోయాను. ఒక చెప్పు ఊడింది. రెండోది పట్టీ చిక్కుకుని ఊడలేదు. ఒక కాలు మిద్దె మీద, ఇంకో కాలు నేల మీద ఉన్నట్టయి మూడడుగులు కుంటుతూ వేశాను, నాలుగోది వెనక్కి పడింది. వెనక పెరుగులో నానుతున్న ఆవడల గంగాళం. కూర్చున్నాను. చల్లగా ఉంది. ముందుగా తెలిసింది అదే.

వీర్రాజు గారు నన్నొకసారి చూసి, కూరలు తరిగే కత్తి తీసుకుని టేపు కోసేశారు. బటన్ నొక్కారు, పాదం నేలకి ఆనించారు, వేలు తీశారు. రాట వదిలేసి నిటారుగా నిలబడ్డారు. నేను వారం రోజులు చేసిన పని ఆయన ఒక్క క్షణంలో చేశారు, అదీ సరిగ్గా.

"సత్యవతీ, మినప్పిండి ఉందా?"

"సగం గోలెం ఉందండి."

"బాణలెట్టించు. ఆవడలు పోతే పోయాయి, వేడి గారెలు వడ్డిద్దాం."

నేను పంపు కింద కడుక్కుని, సత్యవతి గారి నేత చీర కట్టుకుని, కొబ్బరి డొక్కల గుట్ట వెనక నక్కి చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆఖరి బంతి లేచేదాకా రాట ముట్టుకోలేదు. సూర్యనారాయణ గారు నాలుగు గారెలు తిని మూతి తుడుచుకుని, "వచ్చేవారం మా బావమరిది గారింట్లో పెళ్ళి కూడా మీరే చూడాలండి" అన్నారు. అప్పుడు నాకు ఊపిరాడింది.

చివర్లో వీర్రాజు గారు నన్ను పిలిచి ఆకు వేశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "మీ నోటి దగ్గర కూడు లాగేసేదాన్ని బాబాయి గారూ. బాలేదని ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీరు నొచ్చుకుంటారు కదండి" అన్నారాయన. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండు గారెలు వడ్డించి, కాసేపు నసిగి, "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదా అమ్మాయి గారూ?" అన్నారు.

"అడగండి."

ఆయన వంగి నా కాళ్ళకేసి చాలాసేపు చూశారు.

"ఆ రెండూ సొంత కాళ్ళేనాండీ?"

ఆ విస్తరి ముందే ఒట్టు పెట్టుకున్నాను. సూర్యచంద్రుల సాక్షిగా, గాడిపొయ్యిలోని అగ్నిహోత్రుడి సాక్షిగా, ఇకమీదట ఎవరికి పాదం అమర్చినా చెప్పులతో ఓసారి, చెప్పులు లేకుండా ఓసారి నడిపిస్తాను. బటన్ వాళ్ళ చేతికే వదిలేస్తాను. బాగుందన్నవాళ్ళని మూడుసార్లు అడుగుతాను. ఇక ఆవడలున్న పందిట్లోకి, ప్రాణం మీదకొచ్చినా సరే, ఎత్తుచెప్పులతో అడుగుపెట్టను.